అవునంటే మార్కులా, కాదంటే మార్కులా?

మా చెల్లెలి కూతురు ఇంటర్మీడియట్ పూర్తయిన సంవత్సరమే, విదేశాల్లో చదవదలచినవారి ఇంగ్లీషును కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షను రెండుసార్లు రాసింది. మొదటిసారి విజయవాడలో ఒక శిక్షణ కేంద్రంలో ఆరు వారాలు తర్ఫీదు పొంది రాసింది. రెండోసారి తొమ్మిది వారాలు మా ఇంట్లోనే ఉండి, నా దగ్గర చదువుకుని, హైదరాబాదు వెళ్లి రాసింది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముప్ఫై ఏళ్ల పాటు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ తొమ్మిది వారాల్లో, నేను చేసిన ఉద్యోగం గురించీ, మన పిల్లలకు భాషలు నేర్పుతున్న తీరు గురించీ అంత సుఖంగా లేని సంగతులు కొన్ని తెలిసివచ్చాయి. వాటి సారం ఇది: ఇలాంటి పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు అందరూ ఇచ్చే "ఇంగ్లీషులోనే ఆలోచించు" అనే సలహా మన పిల్లల విషయంలో చాలావరకు తప్పు. ముప్ఫై ఏళ్లు ఆ సలహా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు రెండుసార్లు ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలి. అమ్మాయి వెళ్లదలచుకున్నది బ్రిటన్‌లో డిగ్రీకి ముందు చదివే ఒక సంవత్సరపు ఫౌండేషన్ కోర్సుకు. మా అమ్మకు దాన్ని "మన పాతకాలపు పి.యు.సి. లాంటిది" అని చెబితే వెంటనే అర్థమైంది. మన ఇంటర్మీడియట్‌ను కొన్ని విశ్వవిద్యాలయాలు నేరుగా డిగ్రీకి ఒప్పుకుంటాయి, మరికొన్ని బోర్డునూ మార్కులనూ చూసి, ఈ ఏడాది చదువు పూర్తి చేసి రమ్మంటాయి. డిగ్రీ కంటే కింది స్థాయి చదువుకు వెళ్లేవారికి వీసా నిబంధన ప్రకారం బీ1 స్థాయి ఇంగ్లీషు చాలు, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కో విభాగంలో తొమ్మిదికి కనీసం 4.0. కానీ విద్యాసంస్థలు అంతకంటే ఎక్కువే అడుగుతాయి, మా అమ్మాయిని ఏ విభాగంలోనూ 5.5కు తగ్గకూడదన్నారు. అయితే వీసాకు పనికివచ్చేది "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ" అనే పేరుతో (యూకేవీఐ అంటే బ్రిటన్ వీసాలు చూసే శాఖ) విడిగా నమోదు చేసుకుని రాసేది. ప్రశ్నపత్రం తీరు ఒకటే, పరీక్ష జరిపే ఏర్పాట్లు, నిఘా వేరు. ఈ తేడా అడిగినప్పుడు మా బావగారు నమ్ముకున్న కన్సల్టెన్సీ వారు "ఐఈఎల్‌టీఎస్ అంటే ఐఈఎల్‌టీఎస్సే సార్" అని తేల్చేశారు. 17 వేల రూపాయలకు పైగా కట్టి రాసిన ఆ పరీక్ష ఆ పనికి చెల్లలేదు.

చెల్లినా ఉపయోగం లేదనుకోండి. వినికిడిలో 6.5, చదవడంలో 6.0, రాతలో 5.0, మాటలో 5.5 వచ్చాయి. నాలుగింటినీ కూడి భాగిస్తే 5.75, దాన్ని పైకి సవరించి మొత్తం స్థాయి (బ్యాండు) 6.0 అని ఇచ్చారు. ఆరు చూసి ఇంట్లో అందరూ సంతోషించారు, రాతలోని అయిదును తరువాత గమనించారు. నాకు మాత్రం ఆ అయిదే ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో ఆమెకు తొంభైకి పైగా మార్కులున్నాయి.

రాత పరీక్ష గంటసేపు ఉంటుంది. మొదటి ప్రశ్నలో ఒక గ్రాఫునో పట్టికనో చూసి కనీసం 150 మాటల్లో వర్ణించాలి, రెండో ప్రశ్నలో ఒక విషయం మీద కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. రెండోదానికి విలువ రెట్టింపు. ఆమె శిక్షణ కేంద్రంలో రాసిన వ్యాసాల కట్ట తెచ్చి చూపించింది. ఇరవై రెండు వ్యాసాలు, ఇరవై రెండు విషయాలు, కానీ అన్నింటి మొదటి వాక్యమూ "ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా" అనే మొదలవుతుంది. రెండో పేరాలో "ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్" తప్పకుండా ఉంటుంది. నాణేనికి రెండు వైపులున్నాయని చెప్పడమే గానీ, ఏ వైపున ఏముందో ఒక్క వ్యాసంలోనూ లేదు. పర్యావరణమైనా, మొబైల్ ఫోన్లయినా, వృద్ధాశ్రమాలైనా అదే చట్రం, మధ్యలో ఖాళీలు పూరించడమే పని. చట్రం అరువుది కనుక దానిలో తప్పులుండవు, తన మాటలు వచ్చిన చోటల్లా తప్పులే. దిద్దేవారికి ఈ అతుకు తెలియకుండా పోతుందనుకోవడం అమాయకత్వం. జవాబు మొత్తంగా కంఠస్థం చేసినదని రుజువైతే సున్నా ఇవ్వాలని మూల్యాంకన ప్రమాణాల్లోనే రాసి ఉంది. సగం కంఠస్థానికి సున్నా పడదు గానీ, అడిగినదానికి జవాబు చెప్పావా, చెప్పినదాన్ని కారణాలతో నిలబెట్టావా అనే కొలత దగ్గర అది కూలిపోతుంది.

నగరాల నడిబొడ్డున కార్లను నిషేధించాలా అన్న ప్రశ్న ఇచ్చి, రాయడానికి ముందు, "సరే, నీకేమనిపిస్తుంది?" అని తెలుగులోనే అడిగాను. కొంచెంసేపు నా ముఖంలోకి చూసి, "ఏం రాయమంటావు మామయ్యా? అవునంటే మార్కులొస్తాయా, కాదంటే వస్తాయా?" అంది.

ఈ మాటకు నవ్వు వచ్చినా, నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. బెజవాడలో రెండేళ్లు హాస్టల్లో ఉండి, బెంజి సర్కిల్ దగ్గర గంటల తరబడి ఆగిపోయిన బస్సుల్లో కూర్చున్న పిల్లకు కార్ల గురించి అభిప్రాయం లేకపోదు. తన అభిప్రాయానికి పరీక్షలో చోటు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఎలా చెబుతాం? ఆ రెండేళ్లూ ఆమె సిద్ధమైనది మూడు గంటల్లో 160 ప్రశ్నలకు సరైన జవాబు గుర్తించే పరీక్షకు. ఇంగ్లీషును "లాంగ్వేజే కదా" అని చివరి నెలకు వదిలేశారు. ఆ నెలలో స్టడీ మెటీరియల్‌లోని జవాబులు వల్లె వేయించారు. రెండో భాషగా, మార్కులు బాగా వస్తాయని చాలామంది లాగానే, సంస్కృతం తీసుకుంది. అంటే తెలుగుతో ఆమె చదువు పదో తరగతిలో ఆగిపోయింది. తెలుగులో ఒక విషయం మీద రెండు పేజీలు రాసిన అనుభవం పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా లేదు, ఇంగ్లీషులో ఉన్నది కంఠస్థపు అనుభవం. ఇలాంటి పిల్లను "ఇంగ్లీషులో ఆలోచించు" అనడం, ఈత రానివాణ్ణి చెరువు వదిలేసి నేరుగా ఏట్లో దూకమనడం వంటిది.

కనుక మొదటి మూడు వారాలూ వ్యాసాలు తెలుగులోనే రాయించాను. మా చెల్లెలు ఫోనులో, "అన్నయ్యా, అది రాయాల్సింది ఇంగ్లీషు పరీక్ష" అని రెండుసార్లు గుర్తుచేసింది. విషయాలు మాత్రం ఆమెకు తెలిసినవే ఎంచుకున్నాను. 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు మా ఊళ్లో పెద్ద గొడవే జరిగింది. సెలవులకు వచ్చిన అమ్మాయి దాన్ని కళ్లారా చూసింది. ఆ కలపడం మంచిదా కాదా రాయమన్నాను. మొదట అర పేజీ రాసి ఆగిపోయింది. ఎదురు ప్రశ్నలు వేశాను. ఎనిమిదేళ్ల పిల్లలు మెయిన్ రోడ్డు దాటాలి కదా అంటే, "మరి ఒక్క టీచరు అయిదు తరగతులకూ చెప్పడం బాగుందా?" అని నా మీదికే వచ్చింది. అయితే పిల్లలను తీసుకువెళ్లడానికి ఎవరు డబ్బు పెట్టుకోవాలి అంటే ఆలోచనలో పడింది. ఆ సాయంత్రం రాసిన రెండున్నర పేజీల్లో భాష గరుకుగా ఉంది, అక్షరదోషాలు ఉన్నాయి, కానీ ఒక వాదం ఉంది. దానికి అభ్యంతరం ఉంది, అభ్యంతరానికి జవాబు ఉంది. రాత పరీక్షలోని రెండో ప్రశ్న అడిగేది సరిగ్గా ఇదే. మర్నాడు దాన్నే ఇంగ్లీషులో రాయమంటే, మాటల కోసం వెతుక్కుంది గానీ చెప్పవలసినదాని కోసం వెతుక్కోలేదు.

దీనికి ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయను. తెలుగులో ఆలోచిస్తే తెలుగు వాక్యమే ఇంగ్లీషు వేషం వేసుకుని వస్తుంది అంటారు. నిజమే, వచ్చింది కూడా. "నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు" అన్నది "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అయింది, "నిన్ననే" అన్నది "ఎస్టర్‌డే ఓన్లీ" అయింది. గంటలో రెండు జవాబులు రాయవలసిన చోట ప్రతి వాక్యాన్నీ అనువదించుకుంటూ కూర్చుంటే సమయం చాలదన్నదీ నిజమే. అందుకే తెలుగును వ్యాసానికి ముందుండే అయిదు నిమిషాలకు పరిమితం చేశాం. ఏ పక్షం, ఎందుకు, ఎవరు కాదంటారు, వారికి ఏం చెబుతాం అన్న నాలుగు సంగతులూ చిత్తు కాగితం మీద తెలుగు ముక్కల్లోనే రాసుకునేది. కలం జవాబు కాగితం మీదికి వెళ్లిన తరువాత తెలుగుకు సెలవు. అయినా వాక్యాల్లో తెలుగు తొంగిచూస్తుంది. అయితే "ఇంగ్లీషులోనే ఆలోచించు" అని ఆరు వారాలు చెప్పిన శిక్షణ తరువాత కూడా ఆ "హ్యావింగ్" అలాగే ఉంది. చూడనట్టు నటిస్తే పోని తప్పు అది.

చూస్తే కొన్నిసార్లు పోతుంది. ఇంగ్లీషులో "ఎ", "ద" అనేవి ఎక్కడ వాడాలో నేను ముప్ఫై ఏళ్లు సూత్రాలుగా చెప్పాను, ఎవరికీ పట్టుబడలేదు. తెలుగులో అలాంటివి లేవు కనుక మనవాళ్లకు రావు అని సరిపెట్టుకున్నాను. ఈసారి అమ్మాయితో మాట్లాడుతుంటే నాకే ఒక సంగతి తట్టింది. "పుస్తకం చదివాను" అంటే ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని చదివాను" అంటే వినేవారికి అది ఏ పుస్తకమో ఇంతకుముందే తెలిసి ఉండాలి. ప్రాణం లేని వస్తువుల విషయంలో మనం ఆ "ని" చేర్చడంలో, చేర్చకపోవడంలో చాలాసార్లు ఈ తేడానే చూపిస్తాం, చూపిస్తున్నామని గమనించం. అన్ని చోట్లా ఇది ఒకదానికొకటి సరిపోదు, వాక్యంలో కర్తకు ఈ ఉపాయం పనిచేయదు. కానీ "వినేవాడికి అది ఏదో తెలుసా?" అని తనను తాను అడుగుకోవడం ఆమెకు అలవాటైంది. ఆ తరువాత రాసిన వ్యాసాల్లో ఈ తప్పులు సగానికి పైగా తగ్గాయి. వ్యాకరణ పుస్తకాల్లో ఏళ్ల తరబడి దొరకనిది ఇంటి మాటలో దొరికినందుకు నాకు సంతోషమూ, కొంచెం సిగ్గూ కలిగాయి.

చదివే విభాగంలో గంటలో మూడు పాఠ్యభాగాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. శిక్షణ కేంద్రంలో నేర్పినవి వేగంగా చూపు పరుగెత్తించే చిట్కాలు, వాటితో నాకు పేచీ లేదు. ఆమె మార్కులు పోతున్నది ఒకే రకం ప్రశ్న దగ్గర. ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా, అబద్ధమా, లేక పాఠంలో ఆ సంగతి చెప్పనే లేదా అని అడిగే ప్రశ్న అది. దీన్నీ తెలుగులోనే ఆడుకున్నాం. "చెరువు తవ్విన తరువాత ఊళ్లో వరి సాగు పెరిగింది" అన్నది పాఠం అనుకుందాం. "చెరువు తవ్వకముందు ఊళ్లో వరి లేదు" అంటే అబద్ధం, ఎందుకంటే ఉన్నదే పెరుగుతుంది. "చెరువు నీళ్ల వల్లనే వరి సాగు పెరిగింది" అంటే? అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా నిజమంది. మా ఆవిడా నిజమంది. చెరువు ఎందుకు తవ్వుతారో మనకు తెలుసు కనుక, పాఠం చెప్పని కారణాన్ని మనమే చేర్చుకుంటాం. పాఠంలో ఉన్నది "తరువాత" ఒక్కటే. వాట్సాప్‌లో వచ్చే వార్తలతో రోజూ ఇదే ఆట ఆడాం, "చెప్పలేదు" అన్న మూడో జవాబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడం ఆపేశాం. ఇంతకంటే పెద్ద చిక్కు ఓపికది. మూడు పేజీల వచనాన్ని ఒక్క బిగిన చదివిన అలవాటు ఆమెకు ఏ భాషలోనూ లేదు. దానికి రోజూ ఒక తెలుగు దినపత్రికలోనూ ఒక ఇంగ్లీషు దినపత్రికలోనూ సంపాదకీయ పేజీ మొత్తం చదవడం తప్ప నేను మరో మందు కనిపెట్టలేకపోయాను.

వినికిడి దగ్గర మాత్రం తెలుగు మనకు అడ్డమే, ఇది ఒప్పుకోవాలి. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. బస్, కార్, రోడ్ వంటివి మన నోట బస్సు, కారు, రోడ్డు అయ్యాయి. ఇంగ్లీషు మాటల చివర ఉండే హల్లుల గుంపును మన చెవి సరిగా లెక్కలోకి తీసుకోదు. ఈ విభాగంలో రికార్డింగును ఒక్కసారే వినిపిస్తారు. "టికెట్స్" అని రాయవలసిన చోట "టికెట్" అని రాస్తే, ఎంత బాగా అర్థం చేసుకున్నా, ఆ జవాబుకు మార్కు లేదు. ఆమె పోగొట్టుకున్న మార్కుల్లో ఎక్కువ భాగం ఇలా చివరి "స్" దగ్గర, చివరి "డ్" దగ్గర పోయినవే. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" లను మనం చివరి "న్"ను బట్టి వేరుచేస్తాం, ఇంగ్లీషు మాతృభాషగా మాట్లాడేవాళ్లు మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలికారన్నదాన్ని బట్టి వేరుచేస్తారు. దీనికి పాత డిక్టేషన్ పద్ధతే పెట్టాను. రోజూ ఉదయం అయిదు నిమిషాల ఇంగ్లీషు వార్తలు విని, ఒక్క మాట కూడా వదలకుండా రాయడం, తరువాత సరిచూసుకోవడం. ఇంత విసుగు పుట్టించే పని మరొకటి లేదని ఆమె అభిప్రాయం, నాదీ అదే.

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. దాని మధ్యభాగంలో ఒక చీటీ ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు ఏకధాటిగా మాట్లాడమంటారు. మొదటిసారి పరీక్షలో అమ్మాయి నలభై సెకన్లకే ఆగిపోయిందట. శిక్షణ కేంద్రంలో ఈ భాగానికి నేర్పినది ఒక యాస. "వాటర్"ను "వారర్" అనడం, ప్రతి వాక్యానికీ ముందు "వెల్" చేర్చడం. తెలుగు యాసకు మార్కులు తగ్గించమని ఏ ప్రమాణంలోనూ లేదు, మాట స్పష్టంగా అర్థమవుతోందా అన్నదే కొలత. మనం దిద్దుకోవలసినవి వేరే ఉన్నాయి. మాటలో అన్ని భాగాలనూ ఒకే బరువుతో పలకడం, "వి"నీ "డబ్ల్యూ"నీ ఒకటి చేయడం, "జెడ్" ఉన్నచోట "జ" అనడం. నలభై సెకన్ల సమస్యను మాత్రం మా ఆవిడ తీర్చింది. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఏదో ఒక చిన్న సంఘటన అడిగేది. బస్సు తప్పిపోయిన రోజు, హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి. "ఆ తరువాత?", "అప్పుడు మీ వార్డెన్ ఏమంది?" అని పొడిగించేది. మొదట తెలుగులో, కొన్ని రోజుల తరువాత అదే కథ ఇంగ్లీషులో. ఇంగ్లీషు అంతగా రాని మనిషి మాట్లాడే పరీక్షకు ఇంత బాగా తర్ఫీదు ఇవ్వగలదని నేను ఊహించలేదు. వినేవారికి ఆసక్తి ఉందని తెలిస్తే పిల్లలు వివరాలు చెబుతారు, వివరాలు చెబితే రెండు నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి.

ఇంతా చెప్పి ఆ పరీక్షను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. రెండేళ్లకే చెల్లకుండా పోయే ఫలితానికి ఒక చిన్న రైతు కుటుంబానికి మోయలేనంత రుసుము పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. అభ్యాస పుస్తకాల్లోని ప్రశ్నల్లో తరచు కనిపించే మ్యూజియాలు, స్వచ్ఛంద సేవ, సెలవుల విహారాలు మన పల్లెటూరి పిల్ల జీవితంలో లేవు. ప్రశ్న అర్థమైనా, దాని వెనుక ఉన్న జీవితం ఆమెకు పరాయిది. మ్యూజియంలో ప్రవేశం ఉచితంగా ఉండాలా అని అడిగితే, మా అమ్మాయి మొదట అడిగింది, "మ్యూజియంలో ఏం చేస్తారు మామయ్యా, చూసి వచ్చేయడమేనా?" అని. నేను ఆమెను అమరావతి మ్యూజియానికి తీసుకువెళ్లాను. అందరు పిల్లలకూ తీరిక ఉన్న మేనమామ ఉండడు. కంఠస్థం చేయించే శిక్షణ కేంద్రాలు పుట్టడానికి ఇది కూడా ఒక కారణమే. లేని జీవితానికి బదులుగా అవి ఒక చట్రాన్ని అమ్ముతున్నాయి. వారిని తిట్టేముందు, రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో ఒక్కసారి కూడా "నీకేమనిపిస్తుంది?" అని అడగని నాబోటి వాళ్లను తిట్టాలి.

రెండోసారి వినికిడిలో 7.0, చదవడంలో 6.5, రాతలో 6.0, మాటలో 6.5 వచ్చాయి. రాత అయిదు నుంచి ఆరుకే పెరిగింది, నేను ఇంకొంచెం ఆశించాను. ఫలితం రావడానికి ముందే, పరీక్ష జరిగిన రోజు సాయంత్రం, హైదరాబాదులో బస్సు కోసం నిలబడి ఉండగా మాట్లాడే పరీక్ష ఎలా జరిగిందని అడిగాను. పెద్దవాళ్లకు సాయపడిన ఒక సందర్భం గురించి చెప్పమన్నారట. అమ్మమ్మతో కలిసి ఆవకాయ పెట్టిన రోజు చెప్పిందట. కాయలు తుడిచి ఆరబెట్టడం, టెంక ఉండేలా ముక్కలు కొట్టించడం, ఆవపిండీ కారమూ ఉప్పూ పాళ్లు, చేతికి తడి ఉందని అమ్మమ్మ తనను వంటింట్లోంచి తరిమేయడం, అన్నీ. "బాగానే చెప్పాను గానీ ఎగ్జామినర్ మధ్యలోనే ఆపేసింది మామయ్యా" అంది, ఇంకా కోపం తగ్గనట్టుగా. "రెండు నిమిషాలు అయిపోయాయట. నేనింకా జాడీకి వాసెన కూడా కట్టలేదు."